గంటసేపు పలికి 70 గజాల దగ్గర ఆగిపోతున్న టర్కీ పుంజు, ఏం చేయాలి?

ఓజార్క్_రాము
అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో అడవి టర్కీ కోళ్ళ వేటకి వెళ్ళడం నాకిది రెండో ఏడు. నిన్న సోమవారం సీజన్ మొదలైంది. మార్క్ ట్వేన్ అడవిలో నెల రోజుల ముందు నుంచి తిరిగి చూసి పెట్టుకున్న లోయ ఒకటి ఉంది. తెల్లవారుజామున 3:30కి బయలుదేరి 5:30 కల్లా గట్టు మీద ఉన్నాను. నేను గుడ్లగూబలా కూయగానే ఎదుటి వాలులో చెట్టు మీద నుంచి పుంజు "గాబుల్" అని అరిచింది. ఒళ్ళంతా పులకరించింది. చప్పుడు చేయకుండా 120 గజాల దాకా వెళ్ళి, పెద్ద ఓక్ చెట్టుకి ఆనుకుని కూర్చున్నాను.

బాక్స్ కాల్ (మూత రుద్దితే కూత వచ్చే చెక్క పెట్టె) మీద పెట్ట కూత కూశాను. వెంటనే జవాబు. మళ్ళీ కూశాను, మళ్ళీ జవాబు. చెట్టు దిగాక నా వైపే వచ్చింది. పాత కలప దారి మలుపు దగ్గర, సుమారు 70 గజాల్లో ఆగి, పురి విప్పి అటూ ఇటూ తిరుగుతూ నిలబడింది. తోక ఈకల అంచు మాత్రమే కనిపిస్తోంది. 40 నిమిషాలు! పిలిచిన ప్రతిసారీ పలికింది, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. చివరికి రెండు పెట్టలు కింది నుంచి వచ్చి దాన్ని వెంటబెట్టుకుపోయాయి.

పోయినేడు కూడా రెండుసార్లు ఇదే జరిగింది. నా కూతలో ఏదైనా తేడా ఉందా? రాత్రంతా అదే ఆలోచన, నిద్ర పట్టలేదు.

కడప_చిన్నోడు
ఎన్నిసార్లు పిలిచావు అన్నా? నాకు అక్కడే అనుమానం.

ఓజార్క్_రాము
రెండు నిమిషాలకోసారి ఉంటుంది. అది పలికినప్పుడల్లా నేనూ పలికాను. జవాబు ఇవ్వకపోతే వెళ్ళిపోతుందేమో అని భయం.

నల్లమల_మనవడు
నీ కూత బాగుంది. బాగాలేకపోతే 40 నిమిషాలు నిలబడదు. ఒకసారి దాని వైపు నుంచి ఆలోచించు. అడవిలో పుంజు పలుకుతుంది, పెట్ట నడిచి దాని దగ్గరికి వెళ్తుంది. అదీ వరస. మనం చేసేది దానికి తలకిందులు: పెట్ట కూర్చుని పిలుస్తుంటే పుంజు రావాలంటున్నాం. పుంజు తన వంతు తాను చేసింది. పెట్టకి కనిపించేంత దగ్గరికి వచ్చి, పురి విప్పి, ఇక నువ్వు రావాలి అని నిలబడింది. నువ్వు పలికిన ప్రతిసారీ దానికి ఏం అర్థమైంది? "వస్తున్నాను, అక్కడే ఉండు" అని. అందుకే అక్కడే ఉంది.

మా తాత నల్లమల అంచున ఉన్న ఊరివాడు. ఆ రోజుల్లో కౌజు పిట్టలకి దీమం పెట్టేవాళ్ళు. పెంచిన కౌజుని పంజరంలో పెట్టి పొద కింద ఉంచితే, దాని అరుపుకి అడవి కౌజు పోట్లాటకి వచ్చేది. ఎడతెరిపి లేకుండా అరిచే పిట్టని తాత దీమానికి పెట్టేవాడు కాదు. నాలుగు అరుపులు అరిచి ఆగిపోయేదే మంచి దీమం అనేవాడు. అరుపు ఆగాకే అవతలిది కాలు కదుపుతుందట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అదంతా నేరం, తాత కూడా పంజరం అటక మీద పెట్టేశాడు. ఇప్పుడు అక్కడ ఎవరైనా చేస్తుంటే చేయొద్దనే చెప్తాను. కానీ ఆ మాట మాత్రం ఇక్కడ ప్రతి ఏప్రిల్‌లో గుర్తొస్తుంది.

పుంజు నీ వైపు కదిలిందని తెలిసిన క్షణం నుంచి కాల్ కింద పెట్టెయ్యి. అది పిచ్చెక్కినట్టు పలికినా నోరు మెదపకు.

పిట్స్‌బర్గ్_పంతులు
నల్లమల_మనవడు చెప్పింది సగమే ఒప్పుకుంటాను. ఊరుకుంటే వచ్చే పుంజులున్నాయి, ఊరుకుంటే మరిచిపోయి వెళ్ళిపోయేవీ ఉన్నాయి. ముఖ్యంగా రెండేళ్ళ పుంజులు. వాటిని క్లక్కులు (పెట్ట పొట్టి కూతలు), కట్టింగు (గబగబా కూసే గట్టి కూతలు)తో గట్టిగా రెచ్చగొడితేనే పరిగెత్తుకొస్తాయి. మా పెన్సిల్వేనియాలో వసంతంలో పిలిచి మాత్రమే వేటాడాలి, పుంజు మీదికి పాకుతూ వెళ్ళడం చట్టవిరుద్ధం. కాబట్టి మాకు ఉన్న ఆయుధమంతా కూతే. పదిహేనేళ్ళ అనుభవంతో చెప్తున్నాను, ఒకే మందు అన్ని రోగాలకీ పనిచేయదు.

నల్లమల_మనవడు
@పిట్స్‌బర్గ్_పంతులు రెండేళ్ళ పుంజు అయితే మీ మాటే నిజం. రాము చెప్పిన పుంజు మలుపు చాటున 40 నిమిషాలు ఆగింది. అది ముదురు.

అడవి_గీత
ఇద్దరూ కూత గురించే మాట్లాడుతున్నారు. నాకైతే కూర్చున్న చోటు తప్పు అనిపిస్తోంది.

రామూ, ఆ మలుపు దగ్గర నుంచి చూస్తే నువ్వు కూర్చున్న ఓక్ చెట్టు చుట్టుపక్కలంతా దానికి తేటగా కనిపిస్తుందా? టర్కీ చెవి చాలా ఖచ్చితం. కూత ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో 150 గజాల నుంచే దానికి తెలుసు. ఆ చోటు కంటికి ఆనిందంటే అక్కడ పెట్ట కనిపించాలి. కనిపించలేదు, ఆగిపోయింది. దాని బుర్రకి అందులో తప్పేమీ లేదు.

అందుకని నేను ఎప్పుడూ చిన్న మిట్ట వెనకో దారి మలుపు ఇవతలో కూర్చుంటాను. అంటే పుంజు తల ఎత్తి "పెట్ట ఎక్కడ" అని చూసే మొదటి చోటే నా తుపాకీకి 30 గజాల్లో ఉండాలి. నువ్వు ఆ మలుపుకి 70 గజాల ఇవతల కూర్చున్నావు. 30 గజాల్లో కూర్చుని ఉంటే ఈపాటికి ఫోటో పెట్టేవాడివి.

ఇంకోటి. మధ్యలో వాగు గానీ ముళ్ళకంచె గానీ దట్టమైన పొద గానీ ఉందేమో చూసుకో. ఎగరగలిగిన పక్షే అయినా పెట్ట కోసం వాగు దాటడానికి బద్ధకిస్తుంది.

ఓజార్క్_రాము
గీత గారూ, ఇప్పుడే మ్యాప్ తెరిచి చూశాను. మలుపు నుంచి ఓక్ చెట్టు దాకా అంతా తెరిపే. మీరు పక్కనే ఉండి చూసినట్టు చెప్పారు.

టెక్సాస్_సుబ్బు
దీమం పెట్టు, అంతే. ప్లాస్టిక్ పెట్టని 20 గజాల్లో నిలబెడితే "పెట్ట ఎక్కడ" అన్న ప్రశ్నే ఉండదు. మా దగ్గర రియో గ్రాండే రకం టర్కీలు, అంతా తెరిపి నేల, దీమం లేకుండా నేను కదలను. పెట్ట పక్కన జేక్ బొమ్మ కూడా పెడితే ముదురు పుంజుకి ఒళ్ళు మండుతుంది. పోయిన ఏప్రిల్‌లో ఒకటి వచ్చి నా జేక్ బొమ్మని సంక్రాంతి బరిలో పుంజులా తన్ని తన్ని పడేసింది. మా బావమరిది భీమవరం వాడు, పక్కన కూర్చుని "పందెం ఎంత?" అని గుసగుస.

కడప_చిన్నోడు
జేక్ అంటే?

టెక్సాస్_సుబ్బు
ఏడాది వయసు పుంజు తమ్ముడూ. రొమ్ము మీద వేలాడే గడ్డం పొట్టిగా ఉంటుంది. తోక విప్పితే మధ్య ఈకలు మిగతావాటికంటే పొడుగ్గా పైకి కనిపిస్తాయి. ముదురు పుంజుకి తోకంతా ఒకే గీత కొలిచి కత్తిరించినట్టు ఉంటుంది.

జార్జియా_డాక్టర్
సుబ్బు గారి మాట సొంత భూమిలో సరే. రాము వెళ్ళేది ప్రభుత్వ అడవి. అక్కడ దీమం పెట్టేవాళ్ళు ఇది చదవండి.

ఆరేళ్ళ క్రితం ప్రభుత్వ అడవిలో కూర్చుని స్లేట్ కాల్ (పుల్లతో గీస్తే కూత వచ్చే రాతి పలక) మీద మెల్లగా పెట్ట కూత కూస్తున్నాను. ముందు రెండు బొమ్మలు. వెనక ఆకుల చప్పుడు వినిపించింది. పుంజే వస్తోందనుకున్నాను. తల తిప్పలేదు. కాసేపటికి కుడి పక్క పొదలోంచి తుపాకీ గొట్టం కనిపించింది, నా బొమ్మ వైపు. నేను, బొమ్మ, ఆ మనిషి ఒకే గీతలో ఉన్నాం. "స్టాప్!" అని అరిచాను. అతను తుపాకీ దించి కూలబడిపోయాడు. ఇద్దరం వణికిపోయాం. నా ఫ్లాస్కు మూత ఎర్రది, ఆకుల మధ్య అది పుంజు తలలా కనిపించిందట.

పుంజు తలలో ఉండేవి ఎరుపు, తెలుపు, నీలం. ఆ మూడు రంగులూ ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు, జేబు రుమాలు, సాక్సు అంచు కూడా. భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. ఇంకో వేటగాడు కనిపిస్తే చెయ్యి ఊపకండి, కదలిక చూసి కాలుస్తారు. గట్టిగా మాటతో చెప్పండి. గాబుల్ వినిపించిన వైపు పాకుతూ వెళ్ళకండి, అది పుంజు కాకుండా ఇంకో మనిషి కూత కావచ్చు. కొట్టిన పుంజుని మోసుకొచ్చేటప్పుడు నారింజ రంగు గుడ్డ చుట్టండి. మా ఆవిడ ఇప్పటికీ ఏప్రిల్ వస్తే నా సంచి తనే సర్దుతుంది, రంగులు చూసి.

పిట్స్‌బర్గ్_పంతులు
డాక్టర్ గారి పోస్టు ఈ థ్రెడ్ పైకి ఎక్కించాలి. తోక ఈకలు చేత్తో పట్టుకుని దాని చాటున పుంజు మీదికి పాకే పద్ధతి వీడియోల్లో చూసి కుర్రాళ్ళు నేర్చుకుంటున్నారు. ప్రభుత్వ అడవిలో అది ప్రాణం పణంగా పెట్టడమే.

హెచ్1_హరి
ఇవన్నీ చదువుతుంటే నాకూ వెళ్ళాలనిపిస్తోంది. హెచ్1బీ మీద ఉన్నాను. తుపాకీ పట్టుకుంటే వీసాకి ఇబ్బందా? ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

పిట్స్‌బర్గ్_పంతులు
ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోకూడదు. దానికి మినహాయింపుల్లో ఒకటి, ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయి, తర్వాత లైసెన్సు. ఆ తర్వాతే తుపాకీ మాట. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ చిక్కు లేదు.

అడవి_గీత
దీనికి నేనొకటి కలుపుతాను హరీ. లైసెన్సు గడువు తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకో. గడువు తీరిన మర్నాడు తుపాకీ ఇంట్లో ఉన్నా అది చిన్న తప్పు కాదు. మొదటిసారి కొనే ముందు వీసా వ్యవహారాలు చూసే లాయర్‌తో ఒక అరగంట మాట్లాడు. మా ఆయన హెచ్1లో ఉన్నన్నాళ్ళూ మేము అలాగే చేశాం.

హెచ్1_హరి
చాలా థ్యాంక్స్ అక్కా. కోర్సుకి ఇవాళే పేరిస్తాను.

పచ్చని_చెట్టు
నేను వేటాడను. కానీ ఒకటి నిజంగా అడుగుతున్నాను. జత కట్టే కాలంలో, తోడు కోసం వచ్చే పక్షిని మోసపు కూతతో పిలిచి చంపడం మీ మనసుకి ఎలా ఉంటుంది?

నల్లమల_మనవడు
మంచి ప్రశ్న. నాకు ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఆ బరువు లేనివాడు తుపాకీ పట్టకూడదని నా నమ్మకం. కోడి కూర తినేవాడిగా, ఆ కూర వెనకాల ఒక ప్రాణం ఉందని ఏడాదికి ఒక్కసారైనా నా చేత్తో తెలుసుకుంటున్నాను.

పిట్స్‌బర్గ్_పంతులు
వసంతంలో వేట పుంజుల మీదే. ఒక పుంజు ఎన్నో పెట్టలతో జతకడుతుంది, కాబట్టి కొన్ని పుంజులు పోయినా గుడ్లు ఆగవు. 1930ల నాటికి అడ్డూ అదుపూ లేని వేట, అడవుల నరికివేత వల్ల దేశం మొత్తం మీద రెండు లక్షల దాకా పడిపోయాయి ఈ పక్షులు. 1937 చట్టంతో తుపాకులు, తూటాల మీది పన్ను వన్యప్రాణుల పనికే వెళ్ళింది. వల వేసి పట్టి, లేని చోట్ల వదిలి, పదుల లక్షల్లోకి తెచ్చారు. రాము ఉన్న మిస్సోరీలోనే 1960లో తిరిగి మొదలుపెట్టిన సీజన్ మూడు రోజులు, మొత్తం 94 పుంజులు. 2004 వసంతంలో 60 వేలు దాటింది.

జార్జియా_డాక్టర్
పంతులు గారు చెప్పిన లెక్క నిజమే, కానీ కథ అక్కడ ఆగలేదు. మిస్సోరీ మళ్ళీ ఆ 60 వేలు చూడలేదు. మా దక్షిణాదిలో పిల్లలు బతకడం తగ్గింది. గూళ్ళు పెట్టే పొదలు పోవడం, గుడ్లు తినే రకూన్లు పెరగడం, తడి వసంతాలు, కారణాలు చాలా ఉన్నాయి. సీజన్ మరీ ముందుగా మొదలైతే జత కట్టకముందే పెద్ద పుంజుల్ని తీసేస్తున్నామా అన్న అనుమానం కూడా ఉంది. అందుకే జార్జియాలో 2022 నుంచి సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టి, మూడు పుంజులున్న పరిమితిని రెండుకి తగ్గించారు. నేను ఒక్కదానితో ఆపేస్తున్నాను. పచ్చని_చెట్టు అడిగిన ప్రశ్న వేటగాళ్ళే ముందు అడగాలి.

పచ్చని_చెట్టు
ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. నా అభిప్రాయం మారలేదు, కానీ మీ పట్ల కోపం పోయింది.

కడప_చిన్నోడు
మళ్ళీ కూత దగ్గరికి వద్దామా? నేను నోట్లో పెట్టుకునే రబ్బరు కాల్ కొన్నాను. వాంతి వస్తోంది.

అడవి_గీత
అంచులు కొద్దిగా కత్తిరించి అంగిలికి సరిపోయేలా చేసుకో. వారం రోజులు కారులో వెళ్ళేటప్పుడు నోట్లో పెట్టుకుని తిరుగు, ఊదకుండా ఊరికే. తర్వాత నాలుక అలవాటు పడుతుంది. అప్పటిదాకా స్లేట్ నేర్చుకో. పుల్ల కొసని రాతి మీద నుంచి లేపకుండా చిన్న చిన్న సున్నాలు గీయాలి. రాయి నున్నబడితే గరుకు కాగితంతో రుద్దు, చెమట చేత్తో తాకకు. బాక్స్ కాల్ అయితే నూనె లేని సుద్దే వాడాలి, వానలో ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి.

గొంతు అచ్చంగా రాకపోయినా పర్లేదు, తాళం తప్పకూడదు. అడవిలో నిజం పెట్ట కూత విన్నాను, అపస్వరాలు పోయే గాయని కూడా అంత ఘోరంగా పాడదు. పుంజు దాని వెంటే పరిగెత్తింది.

నల్లమల_మనవడు
అన్నిటికంటే మంచి కాల్ నీ చెయ్యి. ఎండాకుల్ని వేళ్ళతో గీకు. ఒకటి... రెండు-మూడు. ఆగు. పెట్ట మేత వెతికే తీరు అదే. కూత ఆపేశాక అదొక్కటే వినిపిస్తే, పెట్ట అలిగి తన తిండి తాను చూసుకుంటోందనుకుంటుంది.

ఓజార్క్_రాము
మరి పెట్టలు వచ్చి పుంజుని తీసుకుపోతే? ఇంటికి రావడమేనా?

పిట్స్‌బర్గ్_పంతులు
అక్కడే అందరూ తప్పు చేస్తారు. ఎనిమిదికల్లా సర్దేసి టిఫిన్‌కి పోతారు. పొద్దెక్కాక పెట్టలు ఒక్కొక్కటే గూటికి జారుకుంటాయి. పదింటికి పుంజు ఒంటరి. పొద్దున తనని పిలిచిన చోటు దానికి గుర్తుంటుంది. ప్రభుత్వ అడవిలో మీకు మధ్యాహ్నం ఒంటిగంట దాకా సమయం ఉంది కదా, కూర్చో.

కడప_చిన్నోడు
కొట్టేటప్పుడు ఎక్కడ గురి పెట్టాలి?

జార్జియా_డాక్టర్
మెడ, ఈకలు మొదలయ్యే చోట. పురి విప్పి ఉన్నప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది, ఆగు. ఒక్క క్లక్ అంటే తల ఎత్తుతుంది, అప్పుడు. 40 గజాలు దాటితే వదిలెయ్యి. సీజన్‌కి ముందే కాగితం మీద కాల్చి నీ తుపాకీ గుళ్ళు ఎలా పరుస్తుందో చూసుకో. గాయపడి పొదలో చచ్చిన పక్షి ఎవరికీ దక్కదు.

ఓజార్క్_రాము
పది రోజుల తర్వాత వస్తున్నాను. ఇవాళ శుక్రవారం.

అదే లోయ, అదే పుంజు. చెట్టు మీద నాలుగుసార్లు పలికింది, దిగాక పెట్టల వెంట కిందికి పోయింది. నేను లేవలేదు. తొమ్మిదిన్నరకి లేచి, గీత గారు చెప్పినట్టు ఆ మలుపుకి ఇవతల 30 గజాల్లో, కూలిన చెట్టు పక్కనున్న హికరీకి వీపు ఆనించి కూర్చున్నాను. స్లేట్ మీద ఐదు యెల్పులు (పెట్ట మామూలు కూతలు). జవాబు లేదు. ఇంకో పావుగంటకి మూడు. దూరంగా ఒక్క గాబుల్. చేతులు వణికాయి. పుల్ల నేల మీద పెట్టేశాను.

అది మళ్ళీ పలికింది, ఈసారి దగ్గరగా. గొంతు దాకా వచ్చింది జవాబు, పళ్ళు బిగించి ఊరుకున్నాను. ఆకులు గీకాను. తర్వాత 25 నిమిషాలు ఏమీ లేదు. పోయిందనుకున్నాను. అప్పుడు చెవులకి కాదు, ఛాతీకి వినిపించినట్టు "డుమ్మ్మ్" అని ఒక సన్నని మోత. పురి విప్పిన పుంజు మోత అదేనని మొదటిసారి తెలిసింది. మలుపులో ముందు తెల్లటి తల, తర్వాత ఎర్రటి మెడ. 28 గజాలు. 10:50.

దగ్గరికి వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. ఎండకి ఈకలు రాగి రంగులో, ఆకుపచ్చలో మెరుస్తున్నాయి. దండం పెట్టుకున్నాను. 21 పౌండ్లు. గడ్డం పది అంగుళాలు. కాలి ముళ్ళు అంగుళం దాటాయి. టెలీచెక్‌లో (కొట్టిన పక్షిని రాష్ట్రానికి తెలిపే పద్ధతి) నమోదు చేసి, నారింజ గుడ్డ చుట్టి మోసుకొచ్చాను.

నల్లమల_మనవడు
అంగుళం దాటిందంటే మూడేళ్ళ పైమాటే. చెప్పానుగా ముదురని. కళ్ళు చెమర్చాయి రామూ.

పిట్స్‌బర్గ్_పంతులు
సరే, ఈసారికి మౌనమే గెలిచింది. శభాష్.

టెక్సాస్_సుబ్బు
కూర సంగతి చెప్పు.

ఓజార్క్_రాము
రొమ్ము మాంసం ముక్కలు కోసి మిరియాల వేపుడు, అయిపోయింది కూడా. కాళ్ళే, నరాలు పుల్లల్లా ఉన్నాయి.

అడవి_గీత
కాళ్ళు కుక్కర్‌లో పడేసి అరగంట పైన ఉడికించు, మాంసం ఎముక వదిలేస్తుంది. అప్పుడు నరాలు వేళ్ళతో లాగేయొచ్చు. ఆ నీళ్ళు పారబోయకుండా అల్లం వెల్లుల్లి, ధనియాలు, గసాలు నూరి నాటుకోడి పులుసులా పెట్టు. సంగటితో తినాలి.

కడప_చిన్నోడు
సంగటి మాట ఎత్తితే నేను బండి తీస్తున్నా. అడ్రస్ మెసేజ్ చెయ్ అన్నా.

నల్లమల_మనవడు
రెక్కల ఎముకలు పారేయకు. మూడు ఎముకలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పీల్చితే పెట్ట కూత వస్తుంది. ఇక్కడి ఆదివాసులు ఎన్నో తరాల నుంచి అలాగే పిలిచేవాళ్ళు. పెట్ట ఎముకలైతే గొంతు ఇంకా సన్నగా వస్తుంది, పుంజువీ పలుకుతాయి.

ఓజార్క్_రాము
ఆ మాట ముందే ఎక్కడో చదివాను. ఉడికించి, మూలుగు తీసేసి, కిటికీలో ఎండబెట్టాను. మా అమ్మాయి ఆకురాయితో కొసలు నున్నగా రాస్తోంది. వచ్చే ఏప్రిల్‌కి తనే పిలుస్తుందట.